ఖాళీ బండి బరువు

ఆదోనిలో, సిరుగుప్ప రోడ్డు మీద,
జిన్నింగు మిల్లు కాటా గదిలో
రాత్రి డ్యూటీ నాది.
పత్తి సీజన్లో లారీకీ లారీకీ నడుమ
ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి గంట.
ఆ సందులోనే నా బి.ఏ. ఇంగ్లీషు,
అద్దం పగిలిన ఫోన్లో, ఒక చెవిలో.
రెండో చెవి హారన్ కోసం ఖాళీగా పెట్టుకున్నా.

ముప్పై తొమ్మిదేండ్లకు ఏం చదువు మే కాశింబీ
అంటాడు మేస్త్రీ.
జవాబు చెప్పను. చీటీ చింపి ఇస్తాను.

మా నాయన ఇదే మిల్లులో
బేళ్ల మీద ఇంగ్లీషు అక్షరాలు కొట్టేవాడు,
రేకు పెట్టి, నల్లరంగు పూసి.
చదవను రాదు.
ఒక దినమంతా రేకు తలకిందులుగా పెట్టినాడంట,
బేళ్లు బొంబాయి దాకా పోయినాయి,
ఎవరూ ఏమీ అడగలేదు.
ఆ కత చెప్పి నవ్వేవాడు.
నాకు మాత్రం ఎందుకో నవ్వొచ్చేది కాదు.

మొదటి సెమిస్టరంతా 'ద' తోనే సరిపోయింది.
లారీ అంటే చాలదంట,
ఆ లారీనా, ఏదో ఒక లారీనా,
ముందే తేల్చుకొని నోరు తెరవాలంట.
మాకు లారీ వచ్చిందంటే
ఏ లారీయో వచ్చినంక కదా తెలిసేది.

రెండో సెమిస్టర్లో మంచు.
పాఠం పాఠం కురుస్తానే ఉండింది.
ఊహకు అందకపోతే పత్తి అనుకోండి అన్నాడు సారు.
అనుకోలేదు.
పత్తి కురవదు సార్, లేస్తుంది.
ముక్కులో దూరి, సద్దిలో పడి,
ఉగాది దాకా దగ్గిస్తుంది.
మంచును మంచుగానే ఉండనిచ్చి
పేజీ తిప్పినా.

కాటా మీద ఒక మోసముంది.
నిండు బండి తూచేటప్పుడు
క్లీనరు సీటు వెనక ముడుచుకొని పండుకుంటాడు.
ఖాళీ బండి తూచేటప్పుడు
దిగి టీ అంగడికి పోతాడు.
యాభై కిలోల పిల్లోడు
పత్తి లెక్కలో అమ్ముడుపోతాడు.
పట్టుకోవడం కష్టమేం కాదు,
డ్రైవరు మరీ మర్యాదగా పలకరిస్తే చాలు.

మొన్న నా వ్యాసం తిరిగొచ్చింది.
మూడో పేరా పొడుగునా ఎర్రగీత.
'ఈ మాటలు మీవేనా?'
అంతే రాసినాడు. మార్కులు కూడా వేయలేదు.

కర్నూల్లో కొన్న గైడులోవి ఆ మాటలు.
ఎంత మర్యాదగా ఉండినాయో!
సిగ్గుతో చెవులు కాలిపోయినాయి.
పద్నాలుగేండ్లుగా ఎవరెవరినో దించినదాన్ని,
నా బండిలోనే పండుకోబెట్టుకున్నా.

ఒక్కొక్కటే దించినా.
సగం పేజీ తేలిపోయింది.
మిగిలినవి నాలుగు వరుసలు:
కాటా గది, దీపం కింద పురుగులు,
ఎదురుచూడ్డంలో నిద్రపోయిన చెయ్యి.
వాటిలో మూడు తప్పులు.
తప్పులు మాత్రం నావే.

ఆ రాత్రి ఎవరూ లేనప్పుడు
పుస్తకాల సంచి కాటా మీద పెట్టి చూసినా.
సున్నా.
ఇరవై కిలోల లోపు ఏదీ
దాని కంటికి ఆనదు.

తెల్లవారుజామున ఆలూరు బండి వచ్చింది.
క్లీనరు దిగి నిలబడినాడు, నేను అడగకముందే,
చలికి చేతులు చంకల్లో పెట్టుకొని.
డ్రైవరు మద్దిలేటి కిటికీలోంచి వంగి,
"ఇంగ్లీషు చదువుతాండావంట కదా మ్మే,
హారన్‌కూ ప్లీజ్‌కూ నడమ
ఆ ఓకే ఏంటికి రాస్తారు?"

తెలీదన్నా.
"మరి ఏం చెప్తారు మీకు ఆడ?"

మంచు, అన్నా.
బండి ముందుకు తీయమన్నా.
వెనక తలుపు మీద ఆ మూడు మాటలూ
దుమ్ములో ఎర్రగా దూరమైతా ఉంటే
నోట్‌బుక్కులో రాసుకున్నా, అడగాల్సినవాటి కింద:
ఓకే.
దానికి ముందు 'ద' వస్తుందా, రాదా.